2021లో సభాధ్యక్షురాలు మపూచే మహిళ, 2022లో అరౌకానియాలో 74 శాతం ‘వద్దు’: ఇదెలా?

గోధూళి (ప్రశ్న)

చిలీ గురించి నాకు తెలిసింది వార్తల్లో చదివినంతే. అక్కడ కొత్త రాజ్యాంగం రాయడానికి ఎన్నికైన సభ 2021 జూలై 4న మొదటిసారి కూర్చుని, అదే రోజు ఎలిసా లోంకోన్‌ని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆవిడ మపూచే (దక్షిణ చిలీ మూలవాసుల జాతి), భాషాశాస్త్రం ప్రొఫెసర్. సంప్రదాయ దుస్తుల్లో వేదికెక్కి వాళ్ళ భాష మపుదుంగున్‌లో మాట్లాడిన వీడియో నేనూ చూశాను. సభలో మొత్తం 155 సీట్లు. అందులో మూలవాసులకు 17 కేటాయిస్తే, మపూచేలకు 7 వచ్చాయి. బాగుంది అనుకున్నాను.

పద్నాలుగు నెలలు తిరిగేసరికి, 2022 సెప్టెంబర్ 4న, ఆ సభ రాసిన రాజ్యాంగాన్ని జనం దాదాపు 62 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. సరే, దేశానికి నచ్చలేదు. నాకు మింగుడుపడనిది దక్షిణాన ఉన్న అరౌకానియా ప్రాంతం అంకె. అక్కడ దగ్గర దగ్గర 74 శాతం మంది వద్దన్నారు. అందరూ మపూచేల గడ్డ అని చెప్పే ప్రాంతం అదే కదా?

తమ హక్కులు రాసిన కాగితాన్ని తామే ఎందుకు చింపేసుకుంటారు? ఆ ఏడుగురూ మపూచేల ప్రతినిధులు కారా? కాకపోతే వాళ్ళ తరఫున ప్రభుత్వంతో మాట్లాడేది ఎవరు? ఒక వ్యాసం చదివితే అంతా జాత్యహంకారం అంటుంది, ఇంకోటి చదివితే మపూచేలకే ఈ గొడవ పట్టదు అంటుంది. రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. ఆ ప్రాంతం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెముకో_వాన

గోధూళి గారూ, నేను అరౌకానియా ముఖ్య పట్టణం తెముకోలో ఉంటాను. హేజెల్‌నట్ తోటలు వేసే చిన్న రైతులకు సలహాలిచ్చే ఉద్యోగం. వారంలో సగం రోజులు చోల్‌చోల్, గల్వారినో, నువేవా ఇంపీరియల్ వైపు మట్టిరోడ్ల మీదే గడుస్తాయి. రాజకీయం నా సబ్జెక్టు కాదు. కానీ ఇక్కడ మట్టి గురించి మాట్లాడబోతే రెండో మాటకే రాజకీయం వస్తుంది, తప్పించుకోలేం.

ముందు మీ 74 శాతం సంగతి. 2017 జనగణనలో అరౌకానియా జనాభా తొమ్మిదిన్నర లక్షలు. అందులో మపూచేలమని చెప్పుకున్నవాళ్ళు మూడు లక్షల పైచిలుకు, అంటే సుమారు మూడో వంతు. మిగతా రెండు వంతులు వేరేవాళ్ళు. దేశం మొత్తం మీద మపూచేలు 17 లక్షలకు పైనే ఉన్నా, అందులో ఆరు లక్షల మంది రాజధాని శాంటియాగో ప్రాంతంలోనే ఉంటారు. పల్లెలో భూమి చాలక తాతల కాలంలోనే బేకరీ పనులకీ ఇళ్ళల్లో పనికీ వెళ్ళిపోయిన కుటుంబాలు అవి. కాబట్టి అరౌకానియా ఓటూ మపూచేల ఓటూ ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది.

అలాగని అక్కడితో వదిలేస్తే అదీ మోసమే. మపూచేలు ఎక్కువగా ఉన్న మునిసిపాలిటీల్లో కూడా ‘వద్దు’ గెలిచింది. నేను తిరిగే పల్లెల్లో చాలామంది వద్దనే వేశారు, దాచుకోకుండా చెప్పారు కూడా.

ఎందుకో అర్థం కావాలంటే ఆ ఏడు సీట్లు ఎలా వచ్చాయో చూడాలి. 2021 మేలో సభకు ఎన్నికలు జరిగినప్పుడు ఓటు వేయడం ఇష్టాన్ని బట్టే. మూలవాసుల జాబితాలో పేరున్నవాళ్ళకు బూత్‌లో రెండు దారులు ఉన్నాయి. అందరితో పాటు జిల్లా బ్యాలెట్ తీసుకోవచ్చు, లేదంటే తమ జాతి అభ్యర్థుల బ్యాలెట్ తీసుకోవచ్చు. ఏదో ఒకటే. రెండోది తీసుకున్నవాళ్ళు జాబితాలో పావు వంతు కూడా లేరు. చోల్‌చోల్ దగ్గర నాకు బాగా తెలిసిన ఒక పెద్దావిడ ఉంది, పొద్దున లేస్తే మనవళ్ళతో మపుదుంగున్ తప్ప మాట్లాడదు. ఆవిడ కూడా జిల్లా బ్యాలెట్టే తీసుకుంది. జిల్లా అభ్యర్థి ఒకాయన వాళ్ళ ఊరికొచ్చి, వానాకాలంలో కొట్టుకుపోయే కల్వర్టు గురించి అడిగి వెళ్ళాడట. మపూచే జాబితాలో పేర్లు చాలామందికి టీవీలో చూసిన ముఖాలే. ఒక్క మాచి (మపూచేల సంప్రదాయ వైద్యురాలు, పూజారి) ఫ్రాన్సిస్కా లింకోనావ్ పేరు మాత్రం పల్లెల్లో అందరికీ తెలుసు. దానికి కారణం వేరే ఉంది, తర్వాత చెప్తాను.

2022కి వచ్చేసరికి ఓటు తప్పనిసరి చేశారు, వేయకపోతే జరిమానా. అంతకు ముందు గడప దాటనివాళ్ళు కూడా వచ్చి వేశారు. చేతిలో 388 ఆర్టికల్స్ ఉన్న ముసాయిదా. ‘బహుళజాతుల రాజ్యం’ అన్న మాట శాంటియాగోలో బాగా మోగింది గానీ, ఇక్కడ జనం అడిగింది వేరు. నా భూమి పత్రం ఏమవుతుంది, నా ఇల్లు నాదేనా, మాకు వేరే కోర్టులైతే మేం రెండో తరగతి పౌరులమైపోతామా, ఇవీ ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పడానికి ఎవరూ రాలేదు. వాట్సాప్ మాత్రం వచ్చింది. ఇళ్ళు లాక్కుంటారన్న పుకారు ఏ మూల చూసినా ఉండేది. ఇక్కడి పల్లెల్లో ఎవాంజెలికల్ చర్చిలు చాలా బలంగా ఉన్నాయి. గర్భస్రావం హక్కు ముసాయిదాలో ఉందని ఆదివారం ప్రసంగాల్లో వినిపించేది. ఒక్క కారణం అని చెప్పలేం, ఇవన్నీ కలిసి పడ్డాయి.

ఇక మీ మూడో ప్రశ్న, వాళ్ళ తరఫున మాట్లాడేది ఎవరు అన్నది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మపూచేలకు ఎప్పుడూ ఒక రాజూ లేడు, ఒక రాజధానీ లేదు. లోఫ్ అంటే బంధువుల ఊరు, దానికి లోంకో పెద్ద. యుద్ధం వస్తే కొన్ని లోఫ్‌లు కలిసి ఒక తోకిని ఎన్నుకునేవి, యుద్ధం అయిపోతే ఆయన పని కూడా అయిపోయేది. స్పెయిన్ వాళ్ళకు ఇది పెద్ద తలనొప్పి. ఎవడిని ఓడిస్తే అందరూ ఓడినట్టో తెలియదు. అందుకే చివరికి కూర్చుని మాట్లాడడం నేర్చుకున్నారు. 1641లో కిలిన్ దగ్గర పెద్ద సమావేశం పెట్టి, బియో-బియో నది దక్షిణాన మపూచేలు స్వతంత్రులని ఒప్పుకున్నారు. ఇలాంటి సమావేశాలను పార్లమెంటో అనేవాళ్ళు. రెండు వందల ఏళ్ళకు దగ్గరగా అవి జరుగుతూనే ఉన్నాయి. చిలీ స్వాతంత్ర్యం తెచ్చుకున్నాక కూడా 1825లో తపీవే దగ్గర లోంకో మరిల్వాన్‌తో ఒకటి జరిగింది.

తర్వాత అదే గణతంత్రం 1861 నుంచి 1883 దాకా సైన్యంతో వచ్చి మొత్తం ఆక్రమించింది. 1884 నుంచి 1929 వరకు ఒక కమిషన్ తిరిగి, లోంకోల పేర మీద సుమారు 2,900 పట్టాలు ఇచ్చింది. అన్నీ కలిపి ఐదు లక్షల హెక్టార్ల పైన, తలకు ఆరు హెక్టార్లు పడింది. పాత భూభాగంలో అది ఇరవయ్యో వంతు. మిగిలింది వేలంలో పోయింది, స్విస్, జర్మన్, ఇటాలియన్ వలసదారులకు పోయింది. ఈనాటికీ పల్లెలో ఏ గొడవైనా ఆ పాత పట్టా మ్యాపు తీసి టేబుల్ మీద పరచడంతోనే మొదలవుతుంది. నేను చూసిన ఒక మ్యాపు మడతల దగ్గర చిరిగిపోతే వెనక గుడ్డ అంటించారు. దాని మీద వాగు ఒక చోట ఉంటే ఇప్పుడు వాగు ఇంకో చోట ఉంది. కంచె ఎక్కడ ఉండాలో దాన్ని బట్టి రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు.

సూటిగా

వివరంగా రాసినందుకు థాంక్స్. కానీ ఇదంతా చదివితే పాపం మపూచేలకు నోరే లేదు అన్నట్టుంది. నేను చదివిన ప్రకారం మపూచే ఎంపీలు వందేళ్ళ నుంచీ ఉన్నారు, మంత్రి కూడా ఉన్నాడు. చట్టం ఉంది, వాళ్ళకోసం ప్రత్యేక సంస్థ ఉంది. భూములు కొని ఇస్తున్నారు. ఇన్ని ఉన్నాక ఇంకా ప్రాతినిధ్యం లేదంటే ఏం చెప్పాలి?

ఇంకోటి. లారీలు తగలబెట్టడం, చర్చిలు తగలబెట్టడం, 2013లో ఒక వృద్ధ దంపతులను ఇంటికి నిప్పు పెట్టి చంపడం, ఇవి మీ కథలో ఎక్కడా కనపడలేదు.

తెముకో_వాన

సూటిగా గారూ, మీరన్న వాస్తవాలు కరెక్టే, వాటి నుంచి తేల్చిన దానితోనే నాకు పేచీ. ఒక్కొక్కటిగా చెప్తాను.

ఎంపీలు ఉన్న మాట నిజం. ఫ్రాన్సిస్కో మెలివిలూ 1924లోనే గెలిచాడు. వెనాన్సియో కొన్యొపాన్ 1952లో జనరల్ ఇబాన్యెస్ ప్రభుత్వంలో భూముల శాఖ మంత్రి అయ్యాడు. అదే రోజుల్లో ఇంకో దారి కూడా ఉండేది. మనువేల్ అబుర్తో పంగిలేఫ్ తన అరౌకానా సమాఖ్య తరఫున ఏటా పెద్ద సమావేశాలు పెట్టి, 1930ల మొదట్లో ఏకంగా మూలవాసుల గణతంత్రం కావాలన్నాడు. ఒకాయన మంత్రి పదవి దాకా వెళ్ళాడు, ఇంకొకాయన్ని ప్రభుత్వం ఊరు దాటించింది. మపూచే రాజకీయం అంటే ఒకే వరసలో నడిచే గుంపు అనుకుంటే ఇద్దరిలో ఒకరు అర్థం కారు. 2017లో ఎన్నికైన మపూచే మహిళా ఎంపీల్లో ఎమిలియా నుయాడో సోషలిస్టు, అరసెలీ లెవుకెన్ కుడిపక్షం.

కానీ వాళ్ళంతా పార్టీ టికెట్ మీద గెలిచినవాళ్ళు. పార్టీ మాట దాటడం కష్టం. చిలీ పార్లమెంటులో మూలవాసులకని ఒక్క సీటూ ఇప్పటికీ లేదు. రాజ్యాంగంలో మూలవాసులకు హక్కులిచ్చే గుర్తింపూ లేదు. అప్పటి అధ్యక్షుడు ఐల్విన్ 1991లోనే సవరణ బిల్లు పంపాడు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ సవరణ మాత్రం రాలేదు.

ఆ చట్టం, సంస్థ గురించి. సైనిక నియంత పినోచెట్ దిగిపోయే ముందు 1989 డిసెంబర్‌లో, నువేవా ఇంపీరియల్‌లో ఐల్విన్‌కూ మూలవాసుల సంఘాలకూ ఒప్పందం కుదిరింది. మీరు మాకు ఓటు వేయండి, మేం చట్టం తెస్తాం అని. 1993లో 19,253 నంబరు చట్టం వచ్చింది, దాంతో కొనాది అనే సంస్థ వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే తెముకోలో ఉంది, రోజూ దాని ముందు నుంచే వెళ్తాను. దాని జాతీయ మండలి లెక్క చూడండి. డైరెక్టరుని దేశాధ్యక్షుడు వేస్తాడు. ఐదుగురు మంత్రిత్వ శాఖల వాళ్ళు. అధ్యక్షుడికి నచ్చిన ముగ్గురు. మూలవాసుల ప్రతినిధులు ఎనిమిది మంది, అందులో మపూచేలు నలుగురు. మొత్తం పదిహేడు. ప్రభుత్వం వైపు తొమ్మిది, వీళ్ళ వైపు ఎనిమిది. ఆ ఎనిమిది మందిని కూడా సంఘాలు పేర్లు పంపితే నియమించేది అధ్యక్షుడే. ఈ లెక్క గీసినవాడు మామూలోడు కాదు.

ఆ ఒక్క ఓటు తేడా ఎలా పనిచేసిందో రల్కో డ్యామ్ దగ్గర అందరూ చూశారు. బియో-బియో ఎగువన పెవెన్చేల (కొండ ప్రాంతపు మపూచేల) భూములు. మూలవాసుల భూమిని బయటివాళ్ళకు అమ్మకూడదని చట్టంలో ఉంది. అందుకని కరెంటు కంపెనీ ‘మార్పిడి’ పద్ధతిలో వచ్చింది, మీ భూమికి బదులు ఇంకోచోట భూమి ఇస్తాం అని. దానికి కొనాది ఆమోదం కావాలి. మపూచే డైరెక్టర్ మౌరిసియో వెన్చులాఫ్ డ్యామ్‌కు అడ్డు చెప్పాడు, 1997లో పదవి పోయింది. ఆయన తర్వాత వచ్చిన డొమింగో నమున్‌కురా కూడా మపూచేనే. ఆయన కూడా ఒప్పుకోడని తేలాక 1998లో ఆయన పదవీ పోయింది. ఆ తర్వాత అనుమతులు వచ్చేశాయి. బెర్తా, నికొలాసా కింత్రేమాన్ అనే అక్కాచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి ‘కదలం’ అని మొండికేశారు, చివరికి వాళ్ళూ సంతకం పెట్టాల్సి వచ్చింది. 2004లో డ్యామ్ నిండినప్పుడు పెవెన్చేల శ్మశానం ఒకటి నీళ్ళలో మునిగింది. డైరెక్టర్లిద్దరూ మపూచేలే, అయినా ఏమైందో చూశారుగా.

మీరు భూములు కొని ఇస్తున్నారన్నారు. కొంటున్నారు, నిజమే. చట్టంలో 20వ ఆర్టికల్ ‘బి’ ఖండం కింద గొడవల్లో ఉన్న భూమిని ప్రభుత్వం మార్కెట్ ధరకు కొని సంఘానికి ఇస్తుంది. ఫలితం ఏంటంటే, గొడవ ఉన్న భూమి ధర పెరుగుతుంది. నా దగ్గరికొచ్చే రైతుల్లో కొందరు వలసదారుల మనవలు. అమ్మేద్దామనుకున్నవాళ్ళు ప్రభుత్వం ఎప్పుడు కొంటుందా అని కూర్చుంటారు. ఇటు సంఘాలు ఏళ్ళ తరబడి వరసలో ఉంటాయి. వరసలో ఉండగా పక్క సంఘానికి ముందొస్తే ఇద్దరికీ పడదు.

అసలు ఈ ‘సంఘం’ అన్నదాని గురించి ఎవరూ రాయరు, నాకు మాత్రం రోజూ కనపడేది అదే. 1993 చట్టం ప్రకారం పదిమంది పెద్దవాళ్ళు కలిస్తే ఒక కమ్యూనిటీగా నమోదు కావచ్చు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, రబ్బరు స్టాంపు, మినిట్స్ పుస్తకం అన్నీ ఉండాలి. సబ్సిడీ, ట్రాక్టరు, బావి, భూమి ఏది కావాలన్నా ఆ స్టాంపు ఉండాల్సిందే. దాంతో ఒకే పాత పట్టా మీద ఉన్న బంధువులు మూడు నాలుగు సంఘాలుగా చీలిపోయారు. ఊళ్ళో లోంకో ఉంటాడు, కానీ ఆయన సంతకం ఆఫీసులో చెల్లదు. సంతకం చెల్లేది స్పానిష్‌లో అప్లికేషన్లు బాగా నింపగలిగే ముప్పయ్యేళ్ళ కుర్రాడిది. నేను మొక్కల పంపిణీకి వెళ్ళినప్పుడు ముందు ఎవరింటికి వెళ్ళాలన్నదే ఒక టెన్షన్. అధ్యక్షుడింటికి ముందు వెళ్తే లోంకో ఇంట్లో ఆ రోజు మతే (ఇక్కడి టీ లాంటిది) పోయరు. లోంకో దగ్గరికి ముందు వెళ్తే కాగితాల మీద స్టాంపు రెండు వారాలు ఆలస్యమవుతుంది. నేను ఇప్పుడు ఇద్దరినీ స్కూలు దగ్గరికి రమ్మంటున్నాను. తప్పదు.

ఇక హింస. మీరన్న దంపతులు లుక్సింగర్, మకాయ్. 2013 జనవరి 4 తెల్లవారుజామున విల్కూన్ దగ్గర వాళ్ళ ఇంటికి నిప్పు పెట్టారు. దానికి సమర్థన లేదు, నేను చేయను. మాచి సెలెస్తీనో కోర్దోవాకు శిక్ష పడింది. ఇందాక మాచి లింకోనావ్ పేరు అందరికీ తెలుసన్నాను కదా, ఆవిణ్ణి కూడా అదే కేసులో ఇరికించి, జైల్లో పెట్టి, చివరికి 2018లో నిర్దోషి అని వదిలేశారు. 2021లో ఆవిడకు పడ్డ ఓట్లలో ఆ జైలు రోజుల పాత్ర చాలా ఉంది.

లారీల దహనం 1997లో లుమాకోలో మొదలైంది. అటవీ కంపెనీల దుంగల లారీలు అవి. 1974లో పినోచెట్ తెచ్చిన 701 నంబరు డిక్రీ పైన్, యూకలిప్టస్ తోటలకు సబ్సిడీ ఇచ్చింది, కొండలన్నీ వాటితో నిండాయి. చుట్టూ తోటలున్న పల్లెలకు వేసవిలో మునిసిపాలిటీ ట్యాంకర్‌తో నీళ్ళు తెచ్చిపోస్తుంది. 1998లో అరౌకో-మల్యేకో సమన్వయ సంఘం అనే మపూచే సంస్థ పుట్టింది, తోటల మీద దాడులు తమ పద్ధతి అని బాహాటంగా చెప్పింది. దాని నాయకుడు ఎక్తోర్ యైతుల్‌కు 2024లో 23 ఏళ్ళ శిక్ష పడింది.

ఇటువైపు కూడా చూడాలి, పోలీసుల తూటాలకు పోయిన మపూచే కుర్రాళ్ళను. 2002లో అలెక్స్ లెమూన్, 17 ఏళ్ళు. 2008లో మతియాస్ కత్రిలేయో, 22 ఏళ్ళు, వీపులో తూటా. 2018 నవంబర్ 14న కమీలో కత్రిల్యాంకా, 24 ఏళ్ళు, ట్రాక్టర్ మీద ఇంటికి వెళ్తుంటే తల వెనక కాల్చారు. పక్కన పదిహేనేళ్ళ పిల్లాడున్నాడు. పోలీసులు ముందు కెమెరా లేదన్నారు, తర్వాత ఉందన్నారు, ఆ తర్వాత రికార్డు ధ్వంసం చేశామన్నారు. 2014లో అంతర-అమెరికా మానవ హక్కుల కోర్టు, ఉగ్రవాద చట్టం కింద లోంకోలు నోరిన్, పిచూన్, ఇంకొందరికి వేసిన శిక్షలు చెల్లవని చిలీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ శిక్షల్లో పదవుల్లో ఉండకూడదన్న నిషేధం కూడా ఒకటి. లోంకో చేసే పనే ఊరి తరఫున మాట్లాడడం. ప్రాతినిధ్యం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

2021 అక్టోబర్‌లో అప్పటి అధ్యక్షుడు పిన్యేరా ఇక్కడ ఎమర్జెన్సీ పెట్టాడు. తర్వాత అధ్యక్షుడైన బోరిచ్ వచ్చి తీసేశాడు. 2022 మేలో మళ్ళీ ఆయనే పెట్టాడు, ఆ తర్వాత పొడిగిస్తూనే పోయారు. రోడ్డు మీద సైనిక వాహనాలు పిల్లలకు కూడా అలవాటైపోయాయి. నిజం చెప్పాలంటే మపూచే రైతుల్లో కూడా సైన్యం ఉండడమే నయం అనేవాళ్ళు ఉన్నారు, రాత్రి పూట గొర్రెలూ పంపుసెట్టూ పోవట్లేదని. ఇది ఏ వ్యాసంలోనూ ఉండదు.

బరిలోచే_బాట

ఆండీస్ కొండలకు అవతలివైపు, అర్జెంటీనా మపూచేల సంగతి రెండు ముక్కల్లో. నేను కొన్నాళ్ళు అక్కడి బరిలోచేలో చదువుకున్నాను. అర్జెంటీనా కాగితం మీద చిలీ కన్నా చాలా ముందుంది. 1994 రాజ్యాంగంలో 75వ ఆర్టికల్, 17వ ఖండం, మూలవాసులు దేశం కన్నా ముందు నుంచీ ఉన్నారని, వాళ్ళకు సామూహిక భూమి హక్కు ఉందని రాసుకుంది. చిలీలో లేని వాక్యం అది.

దాంతో ఒరిగింది ఏంటంటారా? 2006లో 26,160 నంబరు చట్టం తెచ్చి, సర్వే పూర్తయ్యే దాకా ఎవరినీ ఖాళీ చేయించొద్దన్నారు. సర్వే పూర్తి కాలేదు, చట్టాన్ని పొడిగిస్తూ పోయారు. 2017 నవంబర్‌లో బరిలోచే దగ్గర మస్కార్దీలో భూమి ఖాళీ చేయించే ఆపరేషన్‌లో రఫాయేల్ నవెల్ అనే కుర్రాణ్ణి కాల్చి చంపారు. 2024 చివర్లో అధ్యక్షుడు మిలేయ్ ఒక్క డిక్రీతో ఆ భూ చట్టాన్నే ఎత్తేశాడు. పార్లమెంటులో ప్రత్యేక సీట్లు అక్కడా లేవు. రాజ్యాంగంలో ఎక్కితే పనైపోతుందని అనుకునేవాళ్ళు ఇటు కూడా ఒకసారి చూడాలి.

గోధూళి

చాలా థాంక్స్ అందరికీ. బరిలోచే_బాట గారు చెప్పింది చదివాక ఇంకో సందేహం వచ్చింది. తెముకో_వాన గారూ, సీట్ల వల్ల కాదు, రాజ్యాంగ వాక్యం వల్ల కాదు, సంస్థ వల్ల కాదు అంటే ఇంకేం మిగిలింది? 2023లో రెండో ప్రయత్నం కూడా జరిగింది కదా, అప్పుడు ఏమైంది?

తెముకో_వాన

2023 ప్రయత్నం ఇంకా వింత. ఈసారి సీట్లు ముందే కేటాయించలేదు. మూలవాసుల జాబితాకు దేశం మొత్తం ఓట్లలో ఎంత శాతం వస్తే దాన్ని బట్టి సీట్లు, మొదటి సీటుకు 1.5 శాతం దాటాలి. ఒక్కరే గెలిచారు, అలివెన్ అంతిలేయో. ఆ సభను కుడిపక్షం నడిపింది. వాళ్ళు రాసింది కూడా ఆ ఏడాది డిసెంబర్ 17న ఓడిపోయింది, 56 శాతానికి దగ్గరగా వద్దన్నారు. దాంతో చిలీకి మళ్ళీ 1980 నాటి రాజ్యాంగమే దిక్కైంది.

సీట్లు వద్దని నేను అనట్లేదు గోధూళి గారూ. సీట్లు ఉండాలి. కానీ ప్రభుత్వం ప్రతిసారీ వెతికేది సంతకం పెట్టడానికి ఒక్క మనిషి, ఒక్క సంస్థ. మపూచేలు అలా ఎప్పుడూ లేరు. స్పెయిన్ వాళ్ళకు నూరేళ్ళు ఓడిపోయాక అర్థమైంది అది. వందలమంది లోంకోలను కూర్చోబెట్టి, రోజుల తరబడి ప్రసంగాలు విని, కానుకలిచ్చి, మళ్ళీ కొన్నేళ్ళకు అదే పని మొదటి నుంచి చేసేవాళ్ళు. ఖర్చు ఎక్కువ, విసుగు ఎక్కువ. కానీ ఆ పద్ధతిలో నదికి ఇవతల రాజ్యం నడిచింది.

ఇప్పుడు దానికి దగ్గరగా ఉన్నది ముందస్తు సంప్రదింపు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందాన్ని చిలీ 2008లో ఆమోదించింది. మూలవాసుల మీద ప్రభావం పడే ఏ చర్యకైనా ముందు వాళ్ళను అడగాలి. అమలు ఎలా ఉంటుందంటే, మునిసిపల్ జిమ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, పవర్‌పాయింట్ చూపించి, హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకుంటారు. నేను వెళ్ళిన ఒకదాంట్లో ఒక లోంకో లేచి ముప్పావు గంట మపుదుంగున్‌లో మాట్లాడాడు. తాత పేరు, వాగు పేరు, ఎవరు ఎవరికి ఏమిచ్చారో మొత్తం చెప్పాడు. అది పార్లమెంటోలో మాట్లాడే పద్ధతే. శాంటియాగో నుంచి వచ్చిన అధికారి మూడుసార్లు వాచీ చూసుకుని, చివరికి “వ్యాఖ్య నమోదు చేసుకున్నాం” అన్నాడు. అనువాదకుడు రాసుకున్నది రెండు లైన్లు.

బోరిచ్ వేసిన శాంతి, అవగాహన కమిషన్ 2025 మేలో నివేదిక ఇచ్చింది. సెనేటర్ ఫ్రాన్సిస్కో వెన్చుమియా, కుడిపక్షం మాజీ మంత్రి అల్ఫ్రెడో మొరేనో కలిసి నడిపారు. ఎనిమిది మందిలో ఏడుగురు ఒప్పుకున్నారు, ఒకరు కాదన్నారు. భూమి పద్ధతి మార్చాలని, రాజ్యాంగంలో గుర్తింపు ఇవ్వాలని అందులో ఉంది. ఈ వెన్చుమియా గురించి ఒక మాట. ఈయన 2014లో ప్రాంత పాలకుడిగా పదవిలోకి వస్తూనే, మపూచేలకు భూములు లాక్కున్నందుకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. అదే నోటితో, ఇక్కడికి తెచ్చి దింపినందుకు వలసదారుల కుటుంబాలకూ చెప్పాడు. రెండు వైపులా వినదగ్గ మనిషి అనిపించింది. ఏడాదిన్నర తిరక్కుండానే శాంటియాగో ఆయన్ను తప్పించింది.

నన్నడిగితే ఏదైనా నిలబడింది అంటే అది మునిసిపాలిటీల దగ్గరే. తిరువాలో అడోల్ఫో మిల్లాబుర్ 1996లో మేయరయ్యాడు, దేశంలో తొలి మపూచే మేయరంటారు ఆయన్ను. మళ్ళీ మళ్ళీ గెలిచాడు, తర్వాత రాజ్యాంగ సభలో ఆ ఏడుగురిలో ఒకడయ్యాడు. సముద్రం పక్కన చిన్న ఊరు. మేయర్ తలుపు తట్టి, ట్యాంకర్ ఎందుకు రాలేదని తిట్టొచ్చు. లోంకోలకు కూడా ఆ తలుపు దగ్గర కుర్చీ ఉంటుంది. జాతీయ స్థాయిలో అలాంటి తలుపు ఎలా పెట్టాలన్నది నాకు తెలిసిన ఏ పార్టీ దగ్గరా లేదు.

సూటిగా

హింస గురించి రాసింది సమంజసంగానే ఉంది, ఒప్పుకుంటాను. కొనాదిలో తొమ్మిది-ఎనిమిది లెక్క నాకు కొత్త. కానీ వందల లోంకోలతో ఒక్కొక్కరితో మాట్లాడుతూ ఈ కాలంలో దేశం నడపడం కుదరదు. ఎవరో ఒకరికి సంతకం పెట్టే అధికారం ఇవ్వాల్సిందే, అది మపూచేలే తేల్చుకోవాలి. న్యూజిలాండ్‌లో మావోరీలకు 1867 నుంచీ పార్లమెంటులో సీట్లున్నాయి. అక్కడ కూడా తెగలు వేరువేరే కదా, మరి అక్కడ ఎలా నడుస్తోంది? దాని మీద వేరే ప్రశ్న వేస్తున్నాను, ఇక్కడ కలిపేస్తే గందరగోళం అవుతుంది.

తెముకో_వాన

వేయండి, చదువుతాను. మావోరీ ఓటరుకు ఏ జాబితాలో ఉండాలో తనే ఎంచుకునే వీలుంది, అది కూడా అందులో అడగండి. ఇక్కడి 2021 బూత్ పద్ధతితో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.